వెయ్యి రూపాయల ఇయర్‌బడ్స్: చెవితో చూసేవి, చేత్తో చూసేవి

(విజయనగరంలో ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, ఇవాళ మనకి చెవులతో పని.

ఎంతమంది దగ్గర ఇయర్‌బడ్స్ ఉన్నాయి? చెయ్యెత్తండి. దాదాపు అందరి దగ్గరా ఉన్నాయి. రెండు వేలు దాటి పెట్టినవాళ్ళు? ఇద్దరే. సరే, ఆ ఇద్దరూ సరదాగా వినండి, మిగతావాళ్ళు జాగ్రత్తగా వినండి.

ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్దాం. ఎనిమిది వందలకి, తొమ్మిది వందలకి ఒక డబ్బా అమ్ముతున్నాడంటే, చేసినవాడు ఎక్కడో మిగుల్చుకోవాలి కదా? మరి ఎక్కడ మిగుల్చుకున్నాడు? కొన్నిచోట్ల మిగుల్చుకుంటే మనకి నష్టం లేదు. అట్టపెట్టె పల్చగా ఉంటేనేటి, లోపల కాగితం లేకపోతేనేటి? కొన్నిచోట్ల మిగుల్చుకుంటే మాత్రం ఆరు నెలలకి ఒక చెవి మూగబోతుంది. కొనేముందు ఆ చోట్లు వెతకాలి.

ముందు డబ్బా మీద రాతలు చూద్దాం. ‘13 మిల్లీమీటర్ల డ్రైవర్’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. డ్రైవర్ అంటే లోపలి బుల్లి స్పీకరు. సన్నటి పొర, దానికి అంటించిన రాగితీగ చుట్ట, పక్కన నియోడిమియం అయస్కాంతం. చుట్టలో కరెంటు మారినప్పుడల్లా పొర ఆడుతుంది, పొరతో గాలి ఆడుతుంది. పది మిల్లీమీటర్లు గొప్పా, పదమూడు గొప్పా? ఆ అంకెని బట్టి ఏమీ చెప్పలేం. చెవి రంధ్రాన్ని మూసుకుని కూర్చునే బడ్‌లో 6 మిల్లీమీటర్ల డ్రైవరు కూడా కావలసినంత బాస్, అంటే కింది గుమ్మనే శబ్దం, ఇస్తుంది. పొర ఎంత బిగువు, వెనక ఎంత ఖాళీ, గాలి రంధ్రం ఎంత, ఈ మూడింటినీ ఎలా కుదిర్చాడన్నదే లెక్క. అది డబ్బా మీద రాయడు.

తరవాత, ‘20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్’. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలన్న లెక్క. జాతరలో తోపుడు బండి మీద నూట యాభైకి అమ్మే దాని మీదా ఇదే ఉంటుంది, పదిహేను వేల దాని మీదా ఇదే ఉంటుంది. ఎన్ని డెసిబెల్స్ (శబ్దం బలం లెక్క) తేడాలోపల అన్నది పక్కన లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. 20 హెర్ట్జ్ దగ్గర శబ్దం 30 డెసిబెల్స్ పడిపోయినా ‘వస్తోంది’ అనే రాసుకోవచ్చు. ఎవరు కాదంటారు?

‘బ్లూటూత్ 5.3’. మంచిదే, కనెక్షను నిలకడకి, బ్యాటరీకి కొంత ఉపయోగం. కానీ పాట వినిపించేది కోడెక్, అంటే పాటని కుదించి పంపి, అవతల మళ్ళీ విప్పే పద్ధతి. మన ధరలో అది ఎస్‌బీసీ, లేదా ఏఏసీ. వెర్షన్ అంకె పెరిగినంత మాత్రాన పాట బాగుపడదు. ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి ఉంది, అది 5.2తో మొదలైంది, దానికి ఎల్‌సీ3 అనే వేరే కోడెక్. అది బడ్‌లోనూ ఉండాలి, మీ ఫోన్లోనూ ఉండాలి. ఒకవైపు ఉండి లాభం లేదు.

‘ఈఎన్‌సీ’ అనే మూడక్షరాలు చూసి చాలామంది మోసపోతున్నారు. ఈఎన్‌సీ మీ మైకుకి సంబంధించింది. మీరు మాట్లాడుతుంటే అవతలివాళ్ళకి రోడ్డు మోత తగ్గించి పంపుతుంది. మీ చెవిలోకొచ్చే మోతని తగ్గించేది ఏఎన్‌సీ. మొదటిది చూసి రెండోది అనుకుని కొంటే, విశాఖ బస్సెక్కాక తెలుస్తుంది.

ఇంక ‘40 గంటలు’. ఈ లెక్క బోర్డు మీద వేద్దాం, మీరంతా ఎలక్ట్రికలూ ఎలక్ట్రానిక్సూ చదివేవాళ్ళే కదా. ఒక్కో బడ్‌లో 30 ఎంఏహెచ్ సెల్లు అనుకోండి. ఎంఏహెచ్ అంటే సెల్లులో ఎంత చార్జి పడుతుందన్న లెక్క. రెండూ కలిపి 60. కేసులో 300. కేసులోంచి బడ్‌లోకి వెళ్ళేటప్పుడు ఓల్టేజి పెంచాలి, మళ్ళీ తగ్గించాలి, అక్కడ సుమారు పావు వంతు వేడిగా పోతుంది. మిగిలింది 225. దాన్ని 60తో భాగిస్తే 3.75. అంటే కేసు నాలుగు సార్లు కూడా పూర్తిగా నింపలేదు. బడ్ ఒక్క చార్జికి 6 గంటలు వస్తే, మొత్తం 6 ప్లస్ 22న్నర, అంటే ఇరవై ఎనిమిదిన్నర. మరి నలభై ఎక్కడిది? అదీ సగం వాల్యూములో పెట్టి కొలిచిన ఆరు గంటలు. డబ్బా మీద ఎంఏహెచ్‌లు రాసి ఉంటే కొట్లోనే ఈ భాగహారం చేసెయ్యండి.

అన్నట్టు, ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. వెయ్యి లోపు బడ్జెట్టు, పాట బాగుండడమే ముఖ్యం అనుకుంటే తీగ ఉన్నదే కొనండి. వైర్‌లెస్‌లో ఆ వెయ్యిలోంచే మూడు బ్యాటరీలు, రెండు చిప్పులు, మైకులు, కేసు, చార్జింగు సర్క్యూట్ అన్నీ రావాలి. స్పీకరుకి మిగిలేది ఎంత? తీగ ఉన్నదాంట్లో డబ్బు స్పీకరుకీ తీగకీ పోతుంది, అంతే. ‘తీగ చిక్కు పడుతుంది మాస్టారూ’ అంటారా, అయితే వైర్‌లెస్ తీసుకోండి, పాటలో కొంత వదులుకోండి. రెండూ కావాలంటే ఈ ధరలో కుదరదు.

చెవిలో కూర్చోకుండా తీర్పు వద్దు

సౌండు ఎలా చూడాలి? వినేముందు చెయ్యాల్సింది ఒకటుంది. బడ్ చెవిలో సరిగ్గా కూర్చుందా? ‘దీంట్లో బాస్ లేదు’ అని తిరిగిచ్చేసినవాటిలో చాలావాటికి రోగం అదే. సిలికాన్ టిప్పుకీ చెవి గోడకీ మధ్య వెంట్రుకంత సందున్నా, 200 హెర్ట్జ్ కిందది చాలా మట్టుకు బయటికి పోతుంది. మిగిలేది కీచు. మీరేమో డ్రైవరుని తిడతారు.

కూర్చుందో లేదో తెలుసుకోవడం ఎలా? పాట పెట్టకుండా, రెండు బడ్‌లూ పెట్టుకుని, నోరు మూసి ‘మ్‌మ్‌మ్’ అనండి. ఇప్పుడే అనండి, సిగ్గెందుకు. మీ గొంతు తల లోపల బరువుగా, రెండు వైపులా సమానంగా మోగాలి. ఒకవైపు మోగి ఇంకోవైపు మోగకపోతే, మోగనివైపు గాలి పోతోంది. ఆ వైపు టిప్పు పెద్ద సైజు పెట్టండి. కుడి చెవికీ ఎడమ చెవికీ ఒకే సైజు పట్టాలని రూలేమీ లేదు, ఒకవైపు మీడియం, ఒకవైపు లార్జ్ పెట్టుకోవచ్చు. పెట్టేటప్పుడు రెండో చేత్తో చెవిని పైకి, కొంచెం వెనక్కి లాగి, బడ్‌ని పావు వంతు తిప్పుతూ పెట్టండి.

టిప్పులు మూడు సైజులూ ఇచ్చాడా? ఒక్క సైజే ఇచ్చాడంటే, చూశారా, మొదటి మిగులు అక్కడే. టిప్పుని వేళ్ళతో నలిపి చూడండి. మెత్తగా నలిగి వెంటనే విప్పుకోవాలి. మడత పడి అలాగే ఉండిపోతే చెవిలోనూ అలాగే ఉంటుంది. విడిగా టిప్పులు కొనాలంటే బడ్ ముక్కు మందం కొలుచుకుని కొనండి. బిగుతైతే ఎక్కదు. వదులైతే ఎక్కుతుంది గానీ బడ్ తీసేటప్పుడు చెవిలోనే ఉండిపోతుంది, అది మరీ ఇబ్బంది.

టిప్పులే లేని సగం బడ్‌లు, కాడ కిందకి వేలాడేవి ఉంటాయి చూడండి, అవి అందరి చెవికీ ఒకేలా పట్టవు. బస్సులో వాటితో బాస్ ఆశించకండి. బాస్ రాలేదని వాల్యూము పెంచుతారు, అక్కడే చెవికి చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. గాలి పోకుండా కూర్చున్న బడ్ తక్కువ వాల్యూములోనే వినిపిస్తుంది, దాని విలువ అది.

ఏం వినాలి, దేనికోసం వినాలి

ఫోన్లో ఈక్వలైజరు, ‘డాల్బీ’ లాంటివి ఉంటే ముందు ఆపండి. కొన్ని ఫోన్లలో అవి కొన్ననాటి నుంచే ఆన్‌లో ఉంటాయి. మీ ఫోన్‌తోనే వినండి, కొట్టువాడి ఫోన్‌తో కాదు. ఆయన పెట్టే పాట ఎందుకు పెడతాడో మీకు తెలుసు, దరువు అదిరిపోయేది పెడతాడు. మీకు బాగా తెలిసిన పాట పెట్టుకోండి.

ఒక పాట సరిపోదు, మూడు రకాలు కావాలి. మొదటిది, ఘంటసాల గారి పాత పాట ఏదైనా. ఈ ఊరి సంగీత కళాశాలలోనే కదా ఆయన చదువుకున్నారు, అందుకని చెప్పడం లేదు లెండి. ఆ రోజుల రికార్డింగులు మోనో. రెండు చెవుల్లోకీ ఒకటే శబ్దం వెళ్తుంది. అలా వెళ్తే గొంతు ఎక్కడ వినిపించాలి? సరిగ్గా నడినెత్తిన, మధ్యలో. ఒకవైపు వాలిందంటే రెండు డ్రైవర్లూ సమానం కావు. ఇక్కడ తొందరపడకండి, వాలింది మీ చెవి కావచ్చు. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చి పెట్టుకోండి. వాలు కూడా మారితే బడ్‌ది తప్పు. మారకపోతే టిప్పుదో చెవిదో. మధ్యలో అసలేమీ లేకుండా గొంతు రెండు పక్కలకీ చీలిపోయి, బాస్ పల్చబడితే, ఒకవైపు డ్రైవరు తీగలు తారుమారుగా అతికారు. అది వెంటనే వెనక్కి ఇచ్చెయ్యాల్సిన సరుకు.

అయితే పాత పాటతో కీచు వైపు, అంటే ట్రెబుల్, పరీక్షించకండి. ఆ రికార్డింగులోనే అది తక్కువ. దానికి రెండోది, వయొలిను. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరు మనది, వయొలిను విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలుగా పనిచేసిన చోటు. వయొలినుని ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. మైకు లేకుండా విన్న శబ్దం మీకు గుర్తుంది కదా, దానికన్నా మంచి కొలబద్ద లేదు. కొత్త రికార్డింగు ఏదైనా పెట్టండి. కమాను తీగ మీద రాసుకునే గరుకు వినిపించాలి, చెవిలో గుచ్చుకోకూడదు.

ఎందుకు గుచ్చుకుంటుంది? మన చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. తెరిచి ఉన్నప్పుడు అది 3 వేల హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని తనంతట తనే పెంచుతుంది. బడ్ పెట్టి మూసేస్తే ఆ పెంపు పోతుంది. అందుకే బడ్ తయారుచేసేవాడు అక్కడ ఓ పది డెసిబెల్స్ వరకు ఎత్తు పెట్టాలి. మరీ ఎక్కువ పెట్టాడా, వయొలిను, ఆడవాళ్ళ గొంతు అరుపులా ఉంటాయి. తక్కువ పెట్టాడా, మనుషులు కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. చవక బడ్‌లలో మామూలుగా కింద బాస్ ఎత్తుతారు, పైన 6, 8 వేల హెర్ట్జ్ దగ్గర ట్రెబుల్ ఎత్తుతారు, మధ్యలో గొంతుని వదిలేస్తారు. కొట్లో రెండు నిమిషాలు వింటే ‘అబ్బో’ అనిపిస్తుంది. గంట వింటే తలనొప్పి. దాన్ని పట్టుకోవడానికి సంగీతం కూడా అక్కర్లేదు. తెలుగు వార్తలు పెట్టండి. స, శ, చ వచ్చినప్పుడల్లా ‘ఇస్స్’ మని గుచ్చుకుంటోందా? అయితే అదే ఎత్తు.

మూడోది మన జానపదం. తప్పెటగుళ్ళు పెట్టండి. కాళ్ళ గజ్జెలు, రొమ్ము మీద తప్పెట, గొంతులు అన్నీ ఒకేసారి. గజ్జె గజ్జె విడిగా వినిపిస్తోందా, లేక అంతా కలిసిపోయి ‘ష్‌ష్’ మని ఇసకలా ఉందా? బ్లూటూత్ కోడెక్‌లకి ఇలాంటి చిన్న చిన్న దెబ్బల గుంపే కష్టం. ఎస్‌బీసీ సెకనుకి ఎక్కువ డేటా పంపుతూ నడిస్తే ఫర్వాలేదు, డేటా తగ్గిస్తే ఇక్కడే దొరికిపోతుంది. జముకుల కథ రికార్డింగు ఉంటే ఇంకా మంచిది. తీగ లాగి వదిలినప్పుడు జముకు శబ్దం కిందనుంచి పైకి జారుతుంది కదా. ఆ జారుడు మొత్తం వినిపించాలి. ఒక్కచోటే ‘బుడుంగ్’ మని ఉబ్బితే, బాస్ ఉంది గానీ అదుపు లేదన్నమాట.

రెండు జతలు పోల్చేటప్పుడు వాల్యూములు సమానం చెయ్యండి. ఇది మరిచిపోతే మిగతా అంతా దండగ. ఒక డెసిబెల్ ఎక్కువ మోగినదే మంచిదిగా అనిపిస్తుంది, చెవి గుణం అంత. ముందు ఒకటి విని, ‘వార్తలు చదివే గొంతు ఇంత’ అని పెట్టుకుని, రెండోదాన్నీ అక్కడికే తెచ్చుకోండి.

చివరగా సైన్ స్వీప్. ఫోన్లో టోన్ జనరేటరు యాప్ వేసుకుని 30 హెర్ట్జ్ నుంచి 300 వరకు మెల్లగా పెంచండి, వాల్యూము తక్కువలో. శుభ్రమైన ‘ఊ’ రావాలి. ఏదో ఒక చోట ‘జర్ర్’ మంటే చుట్ట అయస్కాంతానికి రాసుకుంటోంది, లేదా లోపల వెంట్రుకో అతుకో కదులుతోంది. పాటల్లో ఇది దాక్కుంటుంది, స్వీపులో దాక్కోలేదు.

వైర్‌లెస్ అయితే ఇంకో మూడు. పాట ఆపి, నిశ్శబ్దంలో వినండి, బుస వినిపిస్తోందా? కొన్నింట్లో ఆ బుస వినిపించకుండా, నిశ్శబ్దం రాగానే ఆంప్లిఫయరుని ఆపేస్తారు. అప్పుడు మళ్ళీ మాట మొదలయ్యేటప్పుడు ‘టిక్’ మని మొదటి అక్షరం తినేస్తుంది. పాఠాలు వినేవాళ్ళకి మహా చికాకు. రెండోది, ఆలస్యం. వీడియోలో పెదాలు, మాట కలిశాయని సంబరపడకండి. వీడియో యాప్‌లు ఆలస్యాన్ని లెక్కేసుకుని బొమ్మని ఆపి చూపిస్తాయి. ఆట ఆడి చూడండి, లేదా కీబోర్డు టైపింగ్ శబ్దం ఆన్ చేసి నొక్కండి. ఎస్‌బీసీలో 200 మిల్లీసెకన్ల దాకా వెనకబడడం మామూలే. మూడోది మైకు. ఫోన్ రికార్డరులో రికార్డు చేసి ‘మైకు బాగుంది’ అంటారు. చాలా ఫోన్లలో అది ఫోన్ మైకే! ఫ్రెండుకి కాల్ చేసి, మూడు లాంతర్ల కూడలి దగ్గరో ఆర్టీసీ కాంప్లెక్స్ బయటో నిలబడి మాట్లాడి, ఆయన్ని అడగండి. కాల్‌లో ఉండగా పాట నాసిగా వినిపిస్తే కంగారు పడకండి, కాల్ కోసం బ్లూటూత్ వేరే మోడ్‌లోకి వెళ్తుంది, సాంపిల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది, 8 వేలకో 16 వేలకో పడిపోతుంది.

ఎక్కడ తెగుతాయి

ఇంక చేతి పని. తీగ ఉన్నవి మూడు చోట్ల పోతాయి. జాక్ మొదట్లో, రెండుగా చీలే చోట, బడ్‌లోకి దూరే చోట. ఆ మూడు చోట్లా మెత్తటి రబ్బరు తొడుగు, అర సెంటీమీటరైనా బయటికి ఉండి, తీగతో పాటు వంగాలి. గట్టి ప్లాస్టిక్కులోంచి తీగ తిన్నగా బయటికొస్తే, వంపు అంతా ఒకే చోట పడి రాగి పోగులు తెగుతాయి. తక్కువ వాల్యూములో మాటలు పెట్టి, ఆ మూడు చోట్లా మెల్లగా అటూ ఇటూ వంచండి. గరగర వస్తే అక్కడే వదిలెయ్యండి. జేబులో ఫోన్ పెట్టేవాళ్ళకి ఎల్ ఆకారం జాక్ నయం.

మల్టీమీటరు ఉందా? మీ దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది! ఓమ్స్ 200 రేంజిలో పెట్టి, జాక్ కొన నుంచి గ్రౌండుకి, అంటే రెండు డ్రైవర్లకీ ఉమ్మడిగా ఉన్న తీగకి, ఒకసారి, కొన పక్కనే ఉన్న రింగు నుంచి గ్రౌండుకి ఒకసారి కొలవండి. 16 ఓమ్‌లది అయితే రెండూ పదహారు దరిదాపుల్లో, ఒకదానికొకటి ఒకటి రెండు ఓమ్‌ల లోపు ఉండాలి. తీగ కదిపితే అంకె గెంతకూడదు.

నాలుగు భాగాల జాక్ ఉన్నవాటిలో ఒక వింత రోగం ఉంది. పాటలో వాద్యాలు వినిపిస్తాయి, గొంతు మాయమవుతుంది. ఎందుకు? గ్రౌండు తగలట్లేదు. గ్రౌండు లేకపోతే రెండు డ్రైవర్లూ వరుసలో పడి, ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే మోగుతుంది. గొంతు రెండింట్లోనూ ఒకటే కాబట్టి కొట్టేసుకుంటుంది. జాక్ పూర్తిగా దిగకపోయినా ఇంతే, మైకు, గ్రౌండు తారుమారైన పాత ఓఎంటీపీ వైరింగు అయినా ఇంతే. మైకు బటన్ నొక్కి పట్టుకోండి. గొంతు తిరిగొస్తే వైరింగు తేడా. టైప్-సీ తీగలవి కూడా చూసి కొనండి. కొన్నింటి లోపల డీఏసీ, అంటే డిజిటల్ అంకెల్ని అనలాగ్ శబ్దంగా మార్చే చిప్పు, ఉండదు, అవి ఫోనే అనలాగ్ శబ్దం ఇస్తుందని నమ్ముకుంటాయి. మీ ఫోన్ ఇవ్వకపోతే మూగే.

వైర్‌లెస్‌వి చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ఏదీ గలగలమనకూడదు. అతుకు మీద గోరు గీసి చూడండి, గోరు దిగితే చెమటా దిగుతుంది. ఐపీఎక్స్4 అంటే చిలకరింపు తట్టుకుంటుందనే, మునిగితే కాదు, అదీ బడ్‌కే, కేసుకి కాదు. మూత తెరిచి కేసుని తిరగేసి ఊపండి, బడ్‌లు రాలకూడదు. రెండు చివర్లా టైప్-సీ ఉన్న కేబుల్‌ని కేసుకి పెట్టి చార్జవుతోందా చూడండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌తో అయి, దీంతో కాకపోతే, పోర్టు దగ్గర పెట్టాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు మిగుల్చుకున్నాడు. వాటి ఖరీదు పైసల్లో ఉంటుంది. పైసల దగ్గర ఇలా చేసినవాడు బ్యాటరీ దగ్గర ఏం చేసుంటాడో మీరే ఆలోచించుకోండి.

వైర్‌లెస్ వాటి డబ్బా మీద బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు కొట్టి, వచ్చిన కంపెనీ పేరు డబ్బా మీద పేరుతో కలుస్తుందో లేదో చూడండి. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. బిల్లుండి కూడా వారంటీ ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు.

ఆ చివర బాబు ఏదో అడుగుతున్నాడు. ఏటి బాబూ? ‘ఒకవైపు సౌండు మెల్లమెల్లగా తగ్గిపోతోంది’. ఎప్పుడు కొన్నావు? ఏడాది. అయితే బ్యాటరీని అనుమానించకు, బ్యాటరీ పోతే సౌండు తగ్గదు, త్వరగా ఆగిపోతుంది. ముందు టిప్పు తీసి జాలీ చూడు, గుబిలి అడ్డుపడి ఉంటుంది. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి బ్రష్షుతో తుడువు. పైకి పట్టుకుని తుడిస్తే అంతా లోపలికే పోతుంది. సూది పెట్టకు, నీళ్ళు పొయ్యకు. ఏమమ్మా? ‘ఒక బడ్ చార్జవ్వట్లేదు’. అది కేసులో పిన్నుల మీద చెమట ఉప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు దూదిపుల్లకి కొద్దిగా అద్ది, బడ్ మీది రేకుల్నీ, కేసులోని స్ప్రింగు పిన్నుల్నీ తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టు. పిన్ను వేలితో నొక్కితే దిగి మళ్ళీ లేవాలి. లేవకపోతే మాత్రం అది తుడిస్తే అయ్యే పని కాదు, కేసు మార్చాలి.